పొగలో చిక్కిన శిక్షణ

1997లో ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో 59 మంది, 2011లో కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో సుమారు 90 మంది, 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో 17 మంది. వీరిలో అత్యధికులను బలిగొన్నది మంట కాదు, పొగ. ఊపిరాడని మనిషిని మెట్లు దింపేది అగ్నిమాపక సిబ్బంది. ప్రాణవాయువు అందించేది 108 సిబ్బంది. ఆ ఇద్దరి చేతుల మధ్య జారిపోయే నిమిషాలకు జవాబుదారీ ఎవరు?

తెలుగు రాష్ట్రాల్లో ఒకరు హోంశాఖ వారు, మరొకరు వైద్యశాఖ గుత్తేదారు ఉద్యోగులు. ఇద్దరినీ ఒకే మైదానంలో నిలబెట్టి నేర్పే శిక్షకుడు పాలకుల ప్రాధాన్యాలలో లేడు. అగ్నిమాపక వారోత్సవాల్లో కెమెరాల కోసం జరిపే విన్యాసాన్నే శిక్షణగా చలామణీ చేస్తున్నారు.

డబ్బు లేదనడానికీ వీల్లేదు. అగ్నిమాపక సేవల ఆధునికీకరణకు కేంద్రం 2023లో 5,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. కొత్త శకటం వస్తే మంత్రి పచ్చజెండా ఊపుతారు. శిక్షకుడికి రిబ్బను కట్టలేరు కదా!

ప్రతి జిల్లాలో ఒక అగ్నిమాపక అధికారి, ఒక అత్యవసర వైద్యుడు కలిసి, పొగ నింపిన మెట్ల మీద, మూడు నెలలకోసారి ఉమ్మడి శిక్షణ నడపాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. రెండు శాఖల కార్యదర్శులు సంతకం చేసిన ఒక ఉత్తర్వు చాలు.