రోహిణీ కార్తెలో కోటప్పకొండ

పల్నాటి వేసవి అనగానే శ్రీనాథుని పేర చలామణి అయ్యే చాటువులు తలచుకొని నవ్వుకోవడం మనకు అలవాటు. ఆయనను తప్పుపట్టను, దాహం వేసింది పాపం! మొన్న రోహిణీ కార్తెలో, తెల్లవారుతూండగా, నరసరావుపేట దాపున కోటప్పకొండ ఎక్కుతూ నేను చూసినది మాత్రం వేరు. ఆకులు రాల్చుకున్న రేలచెట్టు నిండా పసుపుపచ్చని గుత్తులు. బండమీద మగతొండ ఒకటి ఎర్రబడిన మెడతో తల ఆడిస్తోంది. ఎండుగడ్డిలోంచి కముజులు రివ్వున లేచాయి. ఈ పిట్టలు చెట్టెక్కి గూడు కట్టవు; గుడ్లు ఆ గడ్డి మాటున, నేలమీదే. పచ్చగా లేనిదంతా పనికిరానిదనుకొని దానికి అగ్గిపుల్ల గీసేవారిపైనే నా ఫిర్యాదు. దిగేటప్పుడు చూశాను, మెట్ల పక్కన బారెడు మేర నల్లని మసి.