జియోలైట్ మంచిదే... ఉప్పునీటి చెరువుకు మాత్రం కాదు!

చెరువులో అమ్మోనియా పెరిగిందని తెలియగానే మనం చేసే మొదటి పని ఏమిటి? దుకాణానికి పరిగెత్తి, అప్పు రాయించి, నాలుగు బస్తాల జియోలైట్ తెచ్చి చల్లడం. చల్లాక మనసు కుదుటపడుతుంది. అమ్మోనియా మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

జియోలైట్ బూటకపు సరుకేమీ కాదు. అగ్నిపర్వతాల బూడిద, లావా రాళ్లు ఏళ్ల తరబడి నీటితో కలిసి మారగా పుట్టిన ఖనిజం అది. 1756లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు క్రాన్‌స్టెట్ అలాంటి రాయిని కాల్చితే ఆవిరి వదులుతూ పొంగింది. అందుకే గ్రీకు భాషలో 'ఉడికే రాయి' అని అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. మహారాష్ట్రలో పుణె, నాసిక్ ప్రాంతాల నల్లరాళ్లలో ఇది అందమైన స్ఫటికాలుగా దొరుకుతుంది. ఫ్యాక్టరీల్లోనూ తయారుచేస్తారు. 2021లో కోవిడ్ రోగులకు ప్రాణవాయువు అందించిన కాన్‌సెంట్రేటర్లలో, గాలిలోని నత్రజనిని పట్టి ఉంచింది ఈ జియోలైటే.

దీని నిండా కంటికి కనపడని గదులుంటాయి. వాటిలో సోడియం, కాల్షియం వదులుగా ఉంటాయి. మంచినీటిలో అమ్మోనియం తగిలితే సోడియాన్ని వదిలేసి దాన్ని పట్టుకుంటుంది. మంచినీటి వడపోత తొట్లలో దీన్ని వాడేది అందుకే. మరి ఆ గదులు నిండిపోతే? ఉప్పునీటితో కడుగుతారు. అప్పుడు సోడియం తోసుకొచ్చి అమ్మోనియాన్ని బయటికి నెట్టేస్తుంది.

కిటుకంతా ఇక్కడే ఉంది. కడగడానికి వాడే ఉప్పునీటిలోనే మనం దాన్ని చల్లుతున్నాం! సాలినిటీ 10 ఉన్న నీటిలో లీటరుకు సుమారు 3 గ్రాముల సోడియం ఉంటుంది. అమ్మోనియా ఒక మిల్లీగ్రామనుకుంటే, ఒకటికి మూడు వేల పోటీ. పైగా నాలుగడుగుల నీరున్న ఎకరం చెరువులో దాదాపు 49 లక్షల లీటర్లుంటాయి. 20 కిలోలు చల్లితే లీటరుకు వచ్చేది 4 మిల్లీగ్రాములే. సముద్రంలో కాకిరెట్ట అన్నట్టే!

నామాట నమ్మనక్కర్లేదు. రెండు బకెట్లలో పది లీటర్ల చొప్పున మీ చెరువు నీళ్లే పట్టండి. ఒకదానిలో చిటికెడు జియోలైట్ కలపండి. చెరువు మోతాదు కంటే అదే చాలా ఎక్కువ. రెండోదానిలో ఏమీ వేయకండి. మర్నాడు రెండింటినీ కిట్‌తో పరీక్షించి చూడండి.

అమ్మోనియా వచ్చేది మనం వేసే మేతలోని మాంసకృత్తుల నుంచే. కాబట్టి ముందు మేత తగ్గించండి. చెక్ ట్రేలు చూసుకునే మేత వేయండి. ఏరేటర్లు ఆపకండి. మంచి నీరు దొరికితే కొంత మార్చండి. పీహెచ్ పెరిగితే అమ్మోనియా విషం ముదురుతుంది గనుక ఆ సమయంలో సున్నం జోలికి పోవద్దు.

ఈసారి బస్తా కొనేముందు దుకాణంలో ఒక్క మాట అడగండి: "ఇది ఉప్పునీటిలో పనిచేస్తుందని పరీక్ష కాగితం ఉందా?" లేదంటే ఆ డబ్బు ఏరేటర్ డీజిలుకు దాచుకోండి. రొయ్య బతికేది దాంతోనే.