సీసా తిరిగివచ్చు దూరము

వేసవి ప్రవేశించినతోడనే దేశీయ పానీయములను గూర్చిన విలాపములును ప్రవేశించును. ఫలాని పట్టణమందు తాతలనాటి సోడాఫ్యాక్టరీ మూతపడినదనియు, ఫలానివారి రంగుసోడా ఇక దొరకదనియు వినుచుందుము. విదేశీ కంపెనీల ధనబలమే దీనికి కారణమని చెప్పి ఊరకుండుట మనకలవాటైనది. ధనబలము లేదని మేమనము. కాని అదే ధనబలమునెదుట, అదే ఎండలో, పొరుగుననే మరియొక చిన్న ఫ్యాక్టరీ నిలిచి వర్ధిల్లుచున్నప్పుడు ఆ సమాధానము చాలదు. ఒకడు చెడి వాని పక్కవాడు బాగుపడుటకు కారణమును వారిరువురి వ్యవహారమునందే వెదకవలెను.

కొందరు ప్రజల దేశాభిమానలోపమే మూలమందురు. దేశాభిమానమునకు పరీక్ష ఎన్నడో జరిగినది. 1973 నాటి విదేశ మారకద్రవ్య నియంత్రణ చట్టమునకు లోబడుట కిష్టపడక కోకాకోలా కంపెనీ 1977లో ఈ దేశమును విడిచిపోయెను. ఆ లోటు తీర్చుటకై జనతా ప్రభుత్వము, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము కనుగొన్న పాకముతో, మోడరన్ ఫుడ్స్ అను సర్కారు సంస్థచేత ‘డబుల్ సెవెన్’ అను పానీయమును చేయించెను. పేరులోనే విజయసంవత్సరము, వెనుక ప్రభుత్వము, ఎదుట విదేశీయుడు లేడు. అయినను అది పార్లేవారి థమ్స్ అప్ ముందును, ప్యూర్ డ్రింక్స్ వారి కాంపాకోలా ముందును నిలువలేకపోయెను.

ఆ పార్లేవారైన నిలిచిరా? 1993లో కోకాకోలా తిరిగివచ్చినప్పుడు థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్ మొదలగు తమ పేర్లను దానికే విక్రయించిరి. మరుసటియేట బొంబాయిలోని డ్యూక్స్‌వారు పెప్సీకి అమ్మిరి. సరకు బాగులేక అమ్మిరనుటకు వీలులేదు; థమ్స్ అప్ నేటికిని కొన్నవారికి రాబడి తెచ్చుచునేయున్నది. పార్లేవారికి పేరు తమదే గాని, ఆ పేరుతో సీసాలు నింపు ఫ్యాక్టరీలలో పెక్కు పరులవి. నింపువారు పక్షము మార్చినచో వట్టి పేరు చేత మిగులును.

ఆ నింపువారి స్థితి మరియు కనికరింపదగినది. 1995లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పిన గుజరాత్ బాట్లింగ్ కంపెనీ వ్యాజ్యము న్యాయవాదులెల్లరెరిగినదే. కోకాకోలావారి పానీయములను నింపు ఆ కంపెనీ వాటాలు పెప్సీ పక్షమువారి చేతికి పోయెను. ఒప్పందము అమలునందున్నంతకాలము పోటీవారి సరకు ముట్టరాదను షరతు చెల్లునా యని ప్రశ్న పుట్టెను. అది కాంట్రాక్టు చట్టము 27వ సెక్షను నిషేధించు వ్యాపారనిరోధము కాదని న్యాయస్థానము నిర్ణయించెను. తీర్పును మేము తప్పుపట్టము; వ్రాసియిచ్చిన మాటకు కట్టుబడవలసినదే. కాని పరుల పేరు నింపువాడు, నేలయు యంత్రమును తనవైనను, కౌలుదారేయని చిన్న వ్యాపారి గ్రహింపవలెను.

ఇక సొంతపేరు గలవారిలో భేదమెక్కడ? మా యభిప్రాయమున అది గాజుసీసాలో నున్నది. కాడ్ అను ఆంగ్లేయుడు గోలీసీసాకు 1872లో పేటెంటు పొందెను. లోని గ్యాసే గోలీని మూతిలోని రబ్బరుచుట్టకు ఒత్తిపట్టును గనుక బిరడాతో పనిలేదు. చిన్న పెట్టుబడితో పల్లెటూరనైన నడపదగిన పని. ఇందు నీరు చవుక, గ్యాసు చవుక, చక్కెర కొంత ప్రియము. అన్నిటికన్న ప్రియమైనది సీసా. దానియందు పెట్టిన సొమ్ము, సీసా అంగడినుండి మరల ఇల్లు చేరి, కడుగబడి, నిండి, బయలుదేరినప్పుడే ఫలించును.

లెక్క వేసిచూతము. వేసవి తొంబది దినములనుకొందము. పదిమైళ్ళలోపల తిరుగు సీసా నాలుగు దినములకొకసారి వచ్చినచో ఆ ఋతువులో ఇరువదిరెండు మార్లు అమ్ముడగును. నూరుమైళ్ళ యావలకు పోయిన సీసా పదునైదు దినములకు వచ్చినచో ఆరుమార్లే. అనగా వెయ్యిసీసాలతో దగ్గరనే తిరుగువాడు 22,000 సీసాల సరకు అమ్మగా, అంతే మూలధనముతో దూరమునకు పోయినవాడు 6,000 అమ్మును. బండికిరాయి, దారిలో పగులునవి, పరుల పెట్టెలలో కలసిపోవునవి వేరు. దగ్గరనున్నవాడు వారమునకు రెండుమార్లు అంగడిగడప తొక్కును గనుక అరువు ముదరనీయడు. ఏ కొట్టులో ఏ రంగు కదలుచున్నదో వానికి కంఠస్థము. దూరపువానికి ఆ సంగతి వేసవి ముగిసినపిమ్మట తెలియును. ఒకే ఊరి యిద్దరిలో ఒకడు తాళము వేయుటకును, రెండవవాడు కొత్త యంత్రము దింపుటకును కారణము తరచుగా ఈ దూరమే గాని రుచి కాదు.

గోదావరిసీమలో రామచంద్రపురము ఆర్టోసును చూడుడు. స్వాతంత్ర్యమునకు ముందే సోడాతో మొదలైన ఆ సంస్థ దేశమునంతయు జయింపబూనక, చిరకాలము తన చుట్టుపట్లనే పొలముగా నెంచి సేద్యము చేసెను. అందువలననే ఆ జిల్లాలవారికి అది ఇంటిసరకైనది. విరుదునగరమున 1916లో పుట్టిన కాళీమార్కువారి ‘బొవొంటో’ తమిళనాట అట్టిదే. 2017లో జల్లికట్టు ఆందోళనము వెనువెంట, మార్చి 1 నుండి పెప్సీ, కోకాకోలాల నమ్మబోమని అక్కడి వర్తకసంఘములు పిలుపునిచ్చెను. ఆవేశము అంగడితలుపు తెరచినది. సరకును బండియు సిద్ధముగ నున్నవారే లోనికి పోగలిగిరి. అట్టి ఆవేశము రేపు మనవారికి కలిగినను, కబురందిన పూటకు పెట్టె పంపలేనివానికి దానివలన నొరుగునదేమి?

అయితే సీసా కట్టిన ఈ కంచెను ప్లాస్టిక్కు విరుగగొట్టినది. తిరిగిరానక్కరలేనిదానికి దూరమనునది లేదు. దానికి తోడు ఫ్రిజ్. పెద్దకంపెనీలు అంగడివానికి ఉచితముగా ఫ్రిజ్ నిచ్చి అందు తమ సరకే యుండవలెనందురు. కరెంటు బిల్లు మాత్రము అంగడివానిది. చల్లనిదానిని విడిచి గోడవార ఎండుచున్న సోడానడుగు వెర్రివాడెవడు? చిన్నవారు నలుగురు కూడియైనను అంగళ్ళకు ఐసుపెట్టెలు సమకూర్చవలెను. సహకారమును గూర్చి వేదికలెక్కు మనము ఇంతపనికి పూనుకొనకుండుట వింత. కల్లుపాక మూయింపవలెనని తిరుగు కార్యకర్తలును, ఆ పాకకెదురుగ చల్లని సోడా దొరకునట్లు చూచుట తమ పనియేనని యెంచినచో మేలు.

స్వదేశీయమన్నంతమాత్రమునను చిన్నవానికి రక్ష లేదు. 2022లో కాంపా పేరును కొన్న రిలయన్సువారు 2023లో దానిని మరల విపణికి తెచ్చి, 200 మిల్లీలీటర్ల సీసాను పదిరూపాయలకమ్మిరి. విదేశీ కంపెనీలకది దెబ్బయే; మనము సంతోషింపవచ్చును. కాని ఆ పదిరూపాయల ధర వారికన్న ముందు మన సందులోని రంగుసోడావానిని తాకును. సూరతున 1923లో పుట్టిన సోస్యోవారు 2023 జనవరిలో తమ సంస్థయందు సగము వాటాను రిలయన్సువారికే యిచ్చిరి. తిమింగిలము మన సముద్రముననే పుట్టినను చిన్నచేపకు తిమింగిలమే.

ప్రభుత్వమువారు చేయదగినది ఒకటి కలదు. చక్కెర కలిపిన గ్యాసుపానీయములపై 2017 జూలై 1 నుండి 28 శాతము పన్నును, దానిమీద 12 శాతము సెస్సును ఉండెను. 2025 సెప్టెంబరు 22 నుండి సూటిగా 40 శాతమైనది. చక్కెర హానికరమని పన్ను హెచ్చించిరేని కాదనము. కాని ఒకటిన్నరకోటి లోపు వ్యాపారముగల తయారీదారులు అమ్మకములపై నూటికొక రూపాయి కట్టి లెక్కల బాధ తప్పించుకొను కాంపోజిషను పద్ధతినుండి గ్యాసునీరు చేయువారిని 2019 అక్టోబరు 1 నాడు తొలగించి, పాన్‌మసాలా, పొగాకువారి సరసన నిలిపిరి. దేశమంతట అమ్ము కంపెనీకి లెక్కలు వ్రాయుటకు అకౌంటెంట్లుందురు. సీసాలు కడుగు చేతితోనే చిట్టా వ్రాయువాడు ఏమిచేయును? జీఎస్టీ మండలియందు ఓటుబలములో మూడింట రెండువంతులు రాష్ట్రములవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆర్థికమంత్రులు ఈ వెలిని ఎత్తివేయవలెనని అచ్చట కోరవలెను. సోడాఫ్యాక్టరీలవారు జిల్లాకొక అర్జీ చొప్పున, సీసాల సంఖ్యయు పనివాండ్ర సంఖ్యయు చూపుచు, వచ్చు వేసవికి ముందే వారికి పంపవలెను.