బాగానే కనిపిస్తోంది కదా అని వదిలేయొద్దు

పెళ్లి సంబంధాలు చూడటం మొదలుపెట్టగానే కళ్లజోడు తీయించేయాలన్న ఆలోచన చాలా ఇళ్లలో వస్తుంది. పైచదువులకు అమెరికా వెళ్లే ముందు కొందరికి, కొత్త ఉద్యోగంలో చేరే ముందు ఇంకొందరికి వస్తుంది. శుక్రవారం లేజర్ చేయించుకుంటే సోమవారం ఆఫీసుకు వెళ్లిపోవచ్చని ప్రకటనలు చెబుతుంటాయి. చాలామంది విషయంలో అది నిజమే. లేసిక్ సురక్షితమైన ఆపరేషనే, అందులో సందేహం లేదు. కానీ కొద్దిమందికి చిక్కులు వస్తాయి. వాటిలో చాలావాటికి మంచి చికిత్స కూడా ఉంది, కాకపోతే అది సమయానికి అందాలి. ఇంట్లోవాళ్లకు ముందే తెలిస్తేనే అది సాధ్యం.

లేసిక్‌లో జరిగేది ఇదీ. కంటి ముందు భాగంలో అద్దంలా ఉండే కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో పైనుంచి మామూలు కాగితమంత మందాన ఒక పొరను గుండ్రంగా కోసి, ఒక వైపు అతుకు ఉంచి, పుస్తకం అట్ట తిప్పినట్టు పక్కకు తిప్పుతారు. దీన్నే ఫ్లాప్ అంటారు. కింద బయటపడిన భాగాన్ని ఎక్సైమర్ లేజర్‌తో చెక్కి, ఫ్లాప్‌ను మళ్లీ యథాస్థానంలో పరుస్తారు. కుట్లు ఉండవు. కార్నియా లోపలి కణాలు నిరంతరం నీటిని బయటకు తోడేస్తుంటాయి. ఆ లాగుడుకే ఫ్లాప్ అంటుకుని ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో పై చర్మపు కణాలు అంచు మీదుగా పెరిగి గాటును మూసేస్తాయి.

ఈ లేజర్ జీవకణజాలాన్ని పక్కన కాలకుండా చెక్కగలదని 1981లో కనిపెట్టిన ఐబీఎం శాస్త్రవేత్తల్లో ముఖ్యుడు భారత్‌లో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్. మనం గర్వపడాల్సిన సంగతే. అయితే లేసిక్‌కే ప్రత్యేకమైన చిక్కులు ఎక్కువగా వచ్చేది ఆ లేజర్ దగ్గర కాదు, ఫ్లాప్ దగ్గర. అందుకే ముందు అడగాల్సిన ప్రశ్న: 'మా అమ్మాయికి చేసే పద్ధతిలో ఫ్లాప్ ఉంటుందా?' పీఆర్‌కేలో ఫ్లాప్ ఉండదు, కానీ కొన్ని రోజులు నొప్పి ఉంటుంది, చూపు నెమ్మదిగా కుదురుకుంటుంది. స్మైల్‌లోనూ ఫ్లాప్ ఉండదు, చిన్న గాటు మాత్రమే ఉంటుంది. 'ఏదో లేజర్ చేశారండీ' అని మాత్రమే చెప్పగలిగేవాళ్లు మనలో ఎంతమందో!

ఒక్కోసారి ఆపరేషన్ బల్ల మీదే చిక్కు వస్తుంది. ఫ్లాప్ మధ్యలో రంధ్రం పడొచ్చు, కోత సగంలో ఆగిపోవచ్చు, అతుకు తెగి పొర విడిగా రావచ్చు. రంధ్రం పడితే మంచి సర్జన్ లేజర్ జోలికి పోకుండా ఫ్లాప్‌ను జాగ్రత్తగా పరిచేసి, కొన్ని నెలల తర్వాత వేరే పద్ధతిలో చేద్దామంటారు. బయట కూర్చున్నవాళ్లకు కోపం రావడం సహజం. డబ్బు కట్టాం, ముహూర్తం దగ్గరపడింది, మధ్యలో ఆపేశారేంటని నిలదీస్తారు. ఆ ఆపడమే ఆ కంటిని కాపాడే నిర్ణయం. అక్కడ బలవంతం చేయకండి.

ఇంటికొచ్చాక మొదటి నాలుగైదు గంటలు మంట, నీరు కారడం, ఇసుక పడ్డట్టు ఉండటం మామూలే. నిద్రపోతే తగ్గుతుంది. ఫ్లాప్ కదిలిపోయే ముప్పు తొలి 24 గంటల్లోనే ఎక్కువ. నిద్రలో తెలియకుండా రుద్దుకోవడం ప్రధాన కారణం. అందుకే కంటిపై పెట్టే ప్లాస్టిక్ కవచాన్ని పగలు కునుకు తీసినా, దూరం నుంచి వచ్చినవాళ్లు బస్సులో తిరుగు ప్రయాణమైనా తీయకూడదు. తగ్గిన మంట మళ్లీ ఒక్కసారిగా పెరిగినా, ఒక కంట్లో చూపు హఠాత్తుగా మసకబారినా ఫ్లాప్ జరిగిందేమోనని అనుమానించాలి. కన్ను కడగొద్దు, నొక్కొద్దు, కవచం పెట్టి ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పొద్దున చూద్దాంలే అనుకునే విషయం కాదిది.

కదలకపోయినా ఫ్లాప్‌లో ముడతలు పడొచ్చు. తడి బట్ట మీద ముడతను చేత్తో సర్దితే పోతుంది, ఆరిపోయాక ఇస్త్రీ పెట్టె కావాలి. ఇక్కడా అంతే. మొదటి రోజే గుర్తిస్తే ఫ్లాప్‌ను ఎత్తి, సెలైన్‌తో కడిగి, సాఫీగా పరిచి, పైన మెత్తటి కాంటాక్ట్ లెన్స్ పెడితే సరిపోతుంది. రోజులు గడిస్తే ముడతల మధ్య పల్లాల్లోకి పై కణాలు పెరిగి వాటిని గట్టిపరుస్తాయి. అప్పుడు ఆ కణాలను గీకాలి, ఫ్లాప్‌ను సాగదీయాలి, కొన్నిసార్లు కుట్లూ వేయాలి. ఇంతా చేసినా చూపు పూర్తిగా సర్దుకోకపోవచ్చు. మర్నాటి పరీక్షకు 'బాగానే కనిపిస్తోంది కదా' అని వెళ్లకుండా ఉండటం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. స్లిట్ ల్యాంప్ కింద డాక్టరుకు కనిపించేది మీకు అద్దంలో కనిపించదు.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావాల్సింది తర్వాతి రెండు మూడు వారాల్లో వచ్చే మసక విషయంలో. మొదటి వారంలోనే ఫ్లాప్ కింద తెల్లకణాలు చేరి, ఇసుక చల్లినట్టు కనిపించే ఒక వాపు ఉంది. డాక్టర్లు దీన్ని 'సహారా ఇసుక' అని కూడా పిలుస్తారు. తరచూ ఎరుపు, నొప్పి పెద్దగా ఉండవు. దీనికి స్టెరాయిడ్ చుక్కలు గంట గంటకూ వేయాల్సి రావచ్చు. ముదిరితే ఫ్లాప్ ఎత్తి కడగాలి. రెండోది ఇన్‌ఫెక్షన్. తొలి రోజుల్లోనూ రావచ్చు, కొన్ని రకాల బ్యాక్టీరియాతో మూడు వారాల తర్వాతా రావచ్చు. దీనికి ఫ్లాప్ ఎత్తి, నమూనా ల్యాబ్‌కు పంపి, యాంటీబయాటిక్ ఇవ్వాలి. స్టెరాయిడ్ మీద ఆధారపడితే లోపల సూక్ష్మజీవులు మరింత రెచ్చిపోతాయి. ఇక మూడోది, ఆ స్టెరాయిడ్ చుక్కల వల్లే కంట్లో పీడనం పెరిగి ఫ్లాప్ కింద నీరు చేరడం. ఇది చూడటానికి మొదటిదానిలాగే ఉంటుంది. మందు పని చేయట్లేదనుకుని స్టెరాయిడ్ ఇంకా పెంచితే పీడనం ఇంకా పెరిగి, కంటినరమే దెబ్బతినొచ్చు. పైగా ఫ్లాప్ కింద చేరిన నీరు వల్ల కార్నియా మధ్యలో పీడనం కొలిస్తే తక్కువే చూపించి మోసం చేస్తుంది. అందుకే అనుమానమొస్తే అంచు దగ్గర కూడా కొలుస్తారు.

మీకు మూడింటిలోనూ తెలిసేది ఒకటే: చూపు మసకగా ఉంది. చికిత్స మాత్రం ఒకదానికి స్టెరాయిడ్ పెంచడం, ఒకదానికి దాన్ని నమ్ముకోకపోవడం, ఇంకోదానికి పూర్తిగా మానేయడం. ఫోన్‌లో చెప్పి మందు రాయించుకుంటే, పాత చీటీ చూపించి మందుల షాపులో అదే సీసా మళ్లీ తెచ్చుకుంటే ఏం జరగొచ్చో మీరే ఆలోచించండి. ఆసుపత్రులనూ అనాల్సిందే. ఆపరేషన్ ధర ఇంతని పెద్దక్షరాల్లో వేసేవాళ్లు మర్నాడు, వారానికి, నెలకు చేసే పరీక్షలు అందులో కలిసి ఉన్నాయో లేదో, మళ్లీ ఫ్లాప్ ఎత్తాల్సి వస్తే ఖర్చు ఎవరిదో అంతే స్పష్టంగా రాసివ్వాలి. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ఎత్తే నంబరూ ఇవ్వాలి. డబ్బు కట్టే ముందే ఈ మూడూ అడగండి.

విమానం టికెట్ చేతిలో పెట్టుకుని లేసిక్‌కు వెళ్లే పిల్లలకు ఒక మాట. వెళ్లిన చోట ఇన్సూరెన్స్ కుదరకముందే కన్ను మసకబారితే చూపించుకోవడం తేలిక కాదు. ప్రయాణానికీ ఆపరేషన్‌కూ మధ్య కనీసం నెలైనా ఉండేలా చూసుకోండి, రెండు నెలలుంటే ఇంకా మంచిది.

వారాల తర్వాత కొందరిలో పై కణాలు అంచు సందులోంచి ఫ్లాప్ కిందికి పాకుతాయి. రెండోసారి ఫ్లాప్ ఎత్తి సైటు సరిచేయించుకున్నవాళ్లలో ఇది కాస్త ఎక్కువ. అంచు దగ్గరే ఆగిపోతే గమనిస్తూ ఉంటే చాలు. నడిమధ్యకు పాకుతున్నా, చూపును వంకర చేస్తున్నా ఎత్తి గీకాలి. ఇక కార్నియా పలచబడి ముందుకు ఉబ్బడం అనే మరో చిక్కు ఫ్లాప్‌ది మాత్రమే కాదు, తగనివాళ్లకు ఆపరేషన్ చేసినందువల్ల తరచూ వస్తుంది. ముందస్తు స్కాన్ సరిగ్గా చూస్తే చాలావరకు ముందే పసిగట్టొచ్చు.

చుక్కల సీసా మొన రెప్పకు తగలనీయకండి. తలస్నానం, కాటుక, ఈత ఎప్పటినుంచో డాక్టరు చెప్పిన తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. ఫ్లాప్ ఎన్నేళ్లయినా మొదట్లో ఉన్నంత గట్టిగా అతుక్కోదు. ఏళ్ల తర్వాత దెబ్బ తగిలి జరిగిపోయిన సందర్భాలున్నాయి. చెట్టు కొమ్మ, బంతి, చివరికి ఒళ్లో ఉన్న చంటిపిల్ల వేలిగోరు కూడా అందుకు చాలు. అలాంటిది జరిగితే 'పదేళ్ల కింద లేసిక్ అయింది' అని డాక్టరుకు మొట్టమొదట చెప్పాల్సిన మాట అదే.

ఆపరేషన్‌కు ముందు తీసిన కార్నియా స్కాన్, దాని మందం, పాత సైటు వివరాలు, ఫ్లాప్ మందం, లేజర్ రిపోర్టు అన్నీ అడిగి తీసుకుని పెళ్లి పత్రాలు, ఇంటి దస్తావేజులు పెట్టే చోటే భద్రపరచండి. ముప్పై ఏళ్ల తర్వాత శుక్లాల ఆపరేషన్‌లో ఏ నంబరు లెన్స్ వేయాలో లెక్కకట్టేటప్పుడు ఆ డాక్టరు అడిగేది ఈ కాగితాలనే.