కత్తి బెంగళూరుది, కాలు బాగేపల్లిది

అరువది యేండ్లు దాటినవారి మోకాలిని గూర్చి తుది నిర్ణయము చేయువారు మన యిండ్లలో తరచుగా అరువది దాటనివారే. బెంగళూరులో ఉద్యోగము చేయు కుమారుడు ఎక్స్‌రేను ఫోనులో చూచి, "గుజ్జంతా అరిగిపోయిందంట, దసరా సెలవుల్లో చేయించేద్దాం" అనును. కోడలు తనకు సెలవు దొరకు దినములను లెక్కించును. అల్లుడు తనకు తెలిసిన ఆసుపత్రి పేరు చెప్పును. ఆ మోకాలు ఎవరిదో ఆమె మాత్రము వసారాలో గోడకానుకొని కూర్చుండి, తన్ను గూడ అడుగుదురేమోయని కొంతసేపు చూచి, ఎవ్వరును అడుగకపోవుటచే "మీ ఇష్టం నాయనా" అని ఊరకుండును. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తెలుగు కుటుంబములలో పలుమారులు చూచిన ఈ పద్ధతి మీదనే నాకు ఆక్షేపణము గాని, శస్త్రచికిత్స మీద కాదు.

శస్త్రచికిత్సను నిందించుటకు కారణమును లేదు. 1970వ దశకము నడుమ న్యూయార్కులో ఇన్సాల్, రణావత్, వాకర్ అనువారు రూపొందించిన కృత్రిమ మోకీలు నేటి మోకీళ్లకు మాతృక వంటిది. వారిలో రణావత్ మన దేశమున పుట్టినవాడే. 2000వ సంవత్సరము అక్టోబరులో ముంబయిలో నాటి ప్రధానమంత్రి వాజపేయి ఎడమ మోకాలిని, మరుసటి యేట జూనులో కుడి మోకాలిని మార్చినదియు ఆయనయే. తొడయెముక కొనకు కోబాల్టు క్రోమియము తొడుగు, కాలియెముక తలపై లోహపు పళ్లెము, రెంటి నడుమ గుజ్జునకు బదులు పాలిఎథిలీన్ బిళ్ల: ఇంతే దాని నిర్మాణము. అమర్చిన మోకీళ్లలో నూటికి 82 ఇరువదియైదేండ్ల వరకు నిలుచునని 2019లో లాన్సెట్ పత్రికయందు వెలువడిన సమీక్ష తేల్చినది. అరువదియైదేండ్ల వయస్సున చేయించుకొన్నవారికి ఇంతకంటె ఏమి కావలెను? ఐనను, చేయించుకొన్న ప్రతి యైదుగురిలో సుమారొకరు తృప్తి చెందుట లేదనియు, అందుకు ముఖ్యకారణము వారు ముందుగా పెట్టుకొన్న ఆశలు తీరకపోవుటయే యనియు పరిశోధకులే చెప్పుచున్నారు.

మన ప్రాంతపు ముదుసలి ఆశలెట్టివో ఒకమారు విచారింపుడు. మల్బరీ ఆకు కోయుచు, వేరుసెనగకాయ ఒలుచుచు, టమాట తోటలో నడుము వంచి, పొయ్యి ముందు గొంతుకూర్చుండి గడపిన బ్రదుకామెది. ఆమె కోరుకొనునది ఉదయపు షికారు కాదు. గాజులమ్ముచు ఊరూర తిరిగెనని చెప్పుకొను తాతయ్య వెలసిన కైవారమునకు పోయి, తెలుగు కీర్తనలు విని, అన్నదానపు బంతిలో పదిమందితోపాటు నేలమీద బాసింపట్టు వేసి కూర్చుండి భుజింపవలెనని ఆమె కోరిక. మార్చిన మోకాలు సామాన్యముగా నూటపది, నూటయిరువది డిగ్రీల వరకే వంగును. గొంతుకూర్చుండుటకు అంతకు మించిన వంపు కావలెను. అంత వంగగలిగిన కాలికి గూడ నేలపై కూర్చుండవలదనియే వైద్యులు ప్రాయికముగా సలహా యిత్తురు. నడక తిరిగివచ్చును గాని నేల తిరిగిరాదు. ఈ సంగతిని తేదీ నిర్ణయింపకమునుపే తేటగా చెప్పి, ఆమె రెండు దినములు ఆలోచించి, "నడిచేదే చాలు, బంతిలో కుర్చీ వేసుకొని తింటా" అని తనంత తాను అన్న పిమ్మటనే ఆసుపత్రికి తీసికొనిపోవుట న్యాయము. రాత్రులు నిద్రపట్టనీయని నొప్పి, ఇల్లు కదలనీయని నొప్పి, మందులకును వ్యాయామమునకును లొంగని నొప్పి, ఇవి నిర్ణయమునకు ఆధారములు కావలెను. ఎక్స్‌రే చూచుటకు భయంకరముగా నుండియు కాలు హాయిగా నడచువారు ఎందరో కలరు. ఎక్స్‌రేకు శస్త్రచికిత్స చేయరు కదా!

మరియొక ప్రశ్న ఈ నేలకే ప్రత్యేకము. నంది పర్వతశ్రేణి చెంత ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, చిత్రావతి, పాపఘ్ని జన్మించుచున్నవి. కాని ఆ జన్మభూమిలోని జనులు తరతరములుగా ఎరిగిన చెరువులు ఎండినపిదప త్రాగినది వందల అడుగుల లోతునుండి బోరు తోడిన నీరు. ఆ నీటిలో ఫ్లోరైడు పెక్కు గ్రామములలో, ముఖ్యముగా బాగేపల్లి వైపున, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటియున్నది. అట్టి నీరు తెచ్చు ఫ్లోరోసిస్ వ్యాధి తెలుగువారికి క్రొత్తది కాదు. 1937లోనే నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలయందు దీనిని గుర్తించి వైద్యశాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఏండ్ల తరబడి ఎముకలో చేరిన ఫ్లోరైడు సంధిబంధములను సున్నము పట్టించి, మెడను, వెన్నును, తుంటిని బిగించి, ఎముకను బరువెక్కించియు పెళుసు చేయును. మెడ తిప్పలేని, వెన్ను వంచలేని మనిషికి మోకాలొక్కటి మార్చినంతమాత్రమున నడక వచ్చునా? ముంజేతి రెండెముకల నడుమనున్న పొర గట్టిపడుట ఎక్స్‌రేలో కనబడు స్పష్టమైన ఆనవాలు గనుక, మోకాలి ఎక్స్‌రేతోపాటు ముంజేతికిని ఒకటి తీయుమని అడుగుటకు రోగి బంధువులు సంకోచింపనక్కరలేదు. శుద్ధజల కేంద్రములో నాణెము వేసి బిందె నింపుకొని తెచ్చియు, సంగటికి మాత్రము బోరునీరే ఎసరు పెట్టు ఇండ్లను నేను చూచియున్నాను. త్రాగుట మానిన నీటిని ముద్దగా తినుచున్నాము.

ఇక వ్యయము, దాని పిదప కోలుకొనుట. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వపు ఔషధ ధరల సంస్థ, లక్షన్నరకు పైగా అమ్ముచుండిన కోబాల్టు క్రోమియము మోకీలు ధరను 54,720 రూపాయలకు కట్టడి చేసినది. 2018 నుండి ఆయుష్మాన్ భారత్, ఆరోగ్య కర్ణాటక పథకములు ఏకమై బీద కుటుంబములకు ఏటికి 5 లక్షల వరకు చికిత్సావ్యయమును భరించుచున్నవి. ఇవి మెచ్చదగినవే. కాని ఈ లెక్కలన్నియు లోహమునకును, కత్తికిని, మంచమునకును సంబంధించినవి. శస్త్రచికిత్స గంటన్నరలో ముగియును. ఆ సాయంకాలమో మరునాడో వాకరు పట్టించి నడిపింతురు. కొలదిదినములలో ఇంటికి పంపుదురు. అసలు పని అప్పుడు ప్రారంభమగును. అది సాగునది బెంగళూరులో కాదు, నూరు కిలోమీటర్ల దూరమున బాగేపల్లిలో.

చింతామణి చెంత పట్టుపురుగులు పెంచు ఒక యింటిలో చూచిన మాట చెప్పెదను. ఇల్లు చేరి వారము కాని పెద్దమ్మ మంచముపై పరుండియుండెను. కోడలు ప్రేమతో మెత్తని దిండొకటి మోకాలి క్రింద పెట్టి, "కదలకత్తా, నొప్పి పుడుతుంది" అనుచుండెను. అంతలో వచ్చిన ఫిజియోథెరపీ కుఱ్ఱవాడు మారుమాట లేక ఆ దిండు తీసివేసి, తువాలును గట్టిగా చుట్టి మడమ క్రింద నుంచి, "అవ్వా, మోకాలితో మంచాన్ని అదుము, అయిదు లెక్కపెట్టేదాకా వదలొద్దు" అనెను. ఆమె పండ్లు బిగబట్టి అదిమినది. తొడకండరము చర్మము క్రింద వణకినది. మోకాలి వెనుకనున్న సందు బెత్తెడు నుండి రెండు వ్రేళ్లంతయైనది. కోడలు కన్నీరు పెట్టుకొనెను. కాని ఆ దిండు అట్లే నెలదినములుండిన, కాలు పూర్తిగా చాపరానిదై జీవితాంతము కుంటియే మిగులవచ్చును. తొలివారములలో వంచని మోకాలిలో మచ్చకండ పెరిగి బిగిసిన, మరల మత్తిచ్చి వంచవలసివచ్చును. మన ఇండ్లలో రోగికి చేయు మర్యాద యంతయు కదలనీయకపోవుటయందే యున్నది. ఈ రోగికి ఆ మర్యాద శత్రువు.

నొప్పికి నూనె రాచి పిసుకువారిని పిలుచుటయు, పుత్తూరు కట్టు మీది నమ్మకముతో ఆకుపసరు కట్టించుటయు మన ప్రాంతమున గలదు. విరిగిన చేతికి ఆ నమ్మకమెట్లున్నను, కుట్లు ఆరని మోకాలికి అది తగదు. పిక్క వాచి నొచ్చినను, గాయము చెమ్మగిలినను, జ్వరము తగిలినను, ఊపిరాడక ఆయాసపడినను ఆ గంటలోనే వైద్యునికి చూపవలెను. ఈ హెచ్చరికలన్నియు ఆసుపత్రి కాగితములో నుండును. కాని అది ఆంగ్లములో నుండును. చెప్పువారు కన్నడములో చెప్పుదురు. వినవలసిన అవ్వ తెలుగులో ఆలోచించును.

కాబట్టి ప్రభుత్వము చేయవలసినది నా దృష్టిలో పెద్దది కాదు. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రభుత్వ ఆసుపత్రులలోను నియమిత దినములందు తప్పక దొరకు ఫిజియోథెరపిస్టు, ఇంటికి పోయి మోకాలి వంపును కొలిచి వ్రాసికొను ఆశా కార్యకర్త, పన్నెండు వారములపాటు పైన చెప్పిన పథకముల ఆరోగ్యకార్డు క్రిందనే వ్యాయామ చికిత్స, తెలుగులో నోటితో చెప్పి మరల చెప్పించుకొను ఒక మనిషి, ఇంతే. వీనికగు వ్యయము లోహపు ధరలో స్వల్పభాగమేయని నా యంచనా. స్వచ్ఛభారత్ క్రింద 12,000 రూపాయలిచ్చి కట్టించిన మరుగుదొడ్లలో నున్నవి ప్రాయికముగా గొంతుకూర్చుండు బేసిన్లే. క్రొత్త మోకాలితో అందులోనికి పోలేక, పూటపూటకు నీరు తగ్గించి త్రాగుచు దినములీడ్చు వృద్ధులకు కమోడు కుర్చీని గూడ కార్డు క్రిందనే ఇప్పింపవచ్చును.

అంతవరకు కుటుంబములే చూచుకొనవలెను. తేదీ ఖాయము చేయకమునుపే చక్కెరను అదుపులోనికి తెచ్చి, పుచ్చిన పండ్లుండిన చికిత్స చేయించి, కొంత బరువు తగ్గింపుడు. ఒక కిలో తగ్గిన అడుగడుగునకు మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గునని తేలియున్నది, ఒక్కొక్కరికి దానితోనే కత్తి కొన్నేండ్లు వాయిదా పడును. మరుగుదొడ్డిలో పట్టుకొనుటకు గోడకొక కమ్మీ బిగింపుడు. ఎత్తైన కుర్చీయొకటి తెప్పింపుడు. తొడకండరమును బిగించు వ్యాయామమును శస్త్రచికిత్సకు నెలముందే మొదలుపెట్టింపుడు. సెలవుల లెక్కలో గూడ ఒక మార్పు కావలెను: ఆసుపత్రిలో ప్రక్కనుండుటకు కుమారులు, కూతుండ్రు అందరును ఒకేమారు పెట్టు సెలవును అక్కడ ఒక్కరే పెట్టి, తక్కినవారు వంతులు వేసికొని ఇంటికి వచ్చిన తరువాతి ఆరువారములకు దాచుకొనవలెను.