రొళ్లకు అమరావతి కంటే స్పేస్ స్టేషనే దగ్గర.. మరి అక్కడికి వెళ్లడం ఎందుకంత కష్టం?

రొళ్ల: శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం రొళ్ల. ఇక్కడి నుంచి రాజధాని అమరావతికి మ్యాప్ మీద గీత గీసి కొలిస్తే దాదాపు 470 కిలోమీటర్లు. హైదరాబాద్ అయితే 420 దాకా ఉంటుంది. ఇప్పుడు తలెత్తి పైకి చూడండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం, అదే ఐఎస్‌ఎస్, తిరిగేది భూమికి సుమారు 400 నుంచి 420 కిలోమీటర్ల ఎత్తులోనే. అంటే సరిగ్గా నడినెత్తిన వెళ్లేటప్పుడు అది రొళ్ల వాళ్లకు సొంత రాష్ట్ర రాజధాని కంటే దగ్గర!

దాన్ని చూడటానికి టెలిస్కోప్ కూడా అక్కర్లేదు. పొద్దు గుంకిన కాసేపటికో, తెల్లవారడానికి కాస్త ముందో పెద్ద చుక్కలా మెరుస్తూ వెళ్తుంది. విమానంలా మిణుకుమనదు, చప్పుడు ఉండదు. నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటేస్తుంది. ఒక్కోసారి నడి ఆకాశంలోనే మాయమవుతుంది. అది భూమి నీడలోకి వెళ్లిందన్నమాట, భయపడాల్సిన పని లేదు. మీ ఊరి మీదుగా ఏ రోజు ఎన్ని గంటలకు వెళ్తుందో నాసా వాళ్ల 'స్పాట్ ది స్టేషన్' యాప్ చెప్పేస్తుంది.

సరే, ఇంత దగ్గరైతే వెళ్లడానికి కష్టం ఏంటి? అందరికీ వచ్చే డౌట్ ఇదే. సమాధానం మాత్రం ఎత్తులో లేదు, వేగంలో ఉంది.

రొళ్ల మండలంలోనే ఉన్న రత్నగిరి కోట ఎక్కి ఒక రాయిని అడ్డంగా విసిరారనుకోండి. కొంచెం దూరం వెళ్లి కింద పడుతుంది. గట్టిగా విసిరితే ఇంకొంచెం దూరం. గాలి అడ్డు లేకుండా సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో విసరగలిగితే? అప్పుడూ రాయి పడుతూనే ఉంటుంది. కానీ భూమి గుండ్రం కాబట్టి కింద నేల కూడా అంతే వంపు తిరిగిపోతుంది. ఎంత పడినా నేల తగలదు. ఐఎస్‌ఎస్ చేస్తున్నది అచ్చంగా ఇదే. గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో, గంటన్నరకో చుట్టు చుట్టేస్తోంది. ఒక వస్తువును 100 కిలోమీటర్ల ఎత్తుకు లేపడానికి పట్టే శక్తితో పోలిస్తే, దానికి ఈ వేగం అందించడానికి దాదాపు 30 రెట్లు కావాలి. ఖర్చంతా అక్కడే.

'పైన గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి తేలతారు' అని చాలామంది పిల్లలకు చెబుతుంటారు. అది తప్పు. ఆ ఎత్తులో కూడా నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం ఆకర్షణ ఉంటుంది. స్టేషన్, లోపలి మనుషులు, వాళ్ల నీళ్ల బాటిల్ అన్నీ కలిసి ఒకేలా పడుతుండటం వల్లే తేలినట్టు కనిపిస్తారు. జాతరలో జెయింట్ వీల్ కిందికి దిగేటప్పుడు కడుపులో ఏదో జారినట్టు ఉంటుంది కదా, దాన్నే ఆపకుండా నెలల తరబడి అనుభవించడం అనుకోవచ్చు.

2025 జూన్ 25న బయల్దేరిన శుభాంశు శుక్లా స్టేషన్‌కు చేరడానికి దాదాపు 28 గంటలు పట్టింది. 400 కిలోమీటర్లకు 28 గంటలా, బస్సే నయం కదా అని జోకులు వేసుకోవచ్చు. అసలు సంగతేంటంటే, రాకెట్ కొన్ని నిమిషాల్లోనే కక్ష్యలోకి చేర్చేసింది. మిగతా టైమంతా పరుగెత్తుతున్న రైలును వెంబడించి, సరిగ్గా దాని వేగానికి వచ్చి పక్కన చేరడానికి పట్టిందే.

ఈ లెక్క తెలిస్తే 'అంతరిక్షంలోకి తెలుగు బిడ్డ' అనే టీవీ స్క్రోలింగ్ కూడా వేరేగా కనిపిస్తుంది. గుంటూరు మూలాలున్న బండ్ల శిరీష 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లారు. విజయవాడకు చెందిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో 100 కిలోమీటర్ల గీత దాటారు. ఇద్దరివీ నిటారుగా విసిరిన రాయి లాంటి ప్రయాణాలు. కొద్ది నిమిషాలు తేలి తిరిగొచ్చేశారు. తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన రాజాచారి మాత్రం 2021 నవంబర్‌లో వెళ్లి, స్టేషన్‌లో దాదాపు ఆరు నెలలు ఉండి వచ్చారు. ముగ్గురిదీ గొప్పే. కాకపోతే ఒకే మాటతో చెప్పేంత ఒకేలాంటి ప్రయాణం కాదు.

ఇంకో చిత్రం. రొళ్ల, శ్రీహరికోట దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. భూభ్రమణం వల్ల వచ్చే గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల తూర్పు ఊపు రెండింటికీ సమానమే, అదీ ఉచితంగా. మరి రాకెట్లు ఇక్కడి నుంచి ఎందుకు వేయరు? రొళ్లకు తూర్పున హిందూపురం ఉంది. శ్రీహరికోటకు తూర్పున సముద్రం ఉంది. రాకెట్ నుంచి విడిపోయే భాగాలు నీళ్లలో పడాలి, ఇళ్ల మీద కాదు.

ఇక తల్లిదండ్రుల ప్రశ్న.. 'మావాడు ఆస్ట్రోనాట్ అవ్వాలంటే?' గగన్‌యాన్ కోసం 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన నలుగురూ వాయుసేన టెస్ట్ పైలట్లే. ఏదో క్యాంపుకు ఫీజు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరదా తీరుతుంది, నాలుగు విషయాలు తెలుస్తాయి. అంతేగానీ అది ఎంపిక కాదు. అప్పు చేసి మరీ పంపేముందు, ఎంపిక చేసేది ఎవరో గట్టిగా అడగాల్సిందే.

టెలిస్కోప్ కొనేటప్పుడూ ఇంతే. డబ్బా మీద '525 రెట్లు' అని రాసి ఉంటే నమ్మొద్దు. 60 మిల్లీమీటర్ల లెన్సుకు 120 రెట్లు దాటితే బొమ్మ పెద్దదవుతుందే తప్ప స్పష్టత రాదు. ముందు 10×50 బైనాక్యులర్ చాలు. గోడకు ఆనించి చేయి కదలకుండా పట్టుకుంటే చంద్రుడి మీది గుంతలు, గురు గ్రహం పక్కన చుక్కల్లాంటి నాలుగు చందమామలు దొరుకుతాయి. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పొద్దు, చూపు పోతుంది.

మిద్దె ఎక్కాక చీకటికి కళ్లు అలవాటు పడటానికి 20 నిమిషాలైనా పడుతుంది. ఈలోపు ఒక్కసారి ఫోన్ స్క్రీన్ చూసినా మళ్లీ మొదటికే. కాబట్టి ఐఎస్‌ఎస్ టైమ్ ముందే చూసుకుని, ఫోన్ జేబులో పెట్టేయండి.