అడవి చూసి వచ్చాక జ్వరం వస్తే

మోదుగలు పూసే కాలంలో ఖమ్మం నుంచి భద్రాచలం వైపు వెళితే కళ్ళకు పండుగే. ఇప్పపూలు తెల్లవారుజామున రాలి చెట్ల కింద పరుచుకుని ఉంటాయి. పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయం, జింకల పార్కు, శ్రీరామనవమికి భద్రాద్రి, ఆపైన పర్ణశాల చూసి రావాలని ఎవరికి ఉండదు? పిల్లాపాపలతో తప్పక వెళ్ళండి. కాని రెండు విషయాలు గుర్తుంచుకోండి.

మొదటిది ఎండ. చెట్ల మధ్య నడక ఉదయం 10 గంటల లోపే ముగించండి. దాహం వేయకపోయినా మంచినీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ ఉండండి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్ళు చల్లి, విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

రెండవది దోమ. ఎండ తగ్గాక చూద్దామని చీకటిపడేదాకా వాగు ఒడ్డున కూర్చునేవారు దీనికి చిక్కుతారు. మలేరియా దోమ పొద్దుగూకినప్పటినుంచి తెల్లవారేదాకా కుడుతుంది. పొడుగు చేతుల బట్టలు వేసుకోండి. రాత్రి ఉండవలసివస్తే దోమతెర తప్పనిసరి.

మన్యంలో మలేరియా మునుపటికంటే బాగా తగ్గినా పూర్తిగా పోలేదు. దోమ కుట్టిన రోజున ఏమీ తెలియదు. జ్వరం సాధారణంగా వారం, రెండు వారాల తర్వాత వస్తుంది. అప్పటికి మీరు ఇల్లు చేరి, ప్రయాణం సంగతే మరచిపోయి ఉంటారు. ఎండదెబ్బో, పడిశమో అనుకుని మాత్ర మింగి ఊరుకుంటారు. ఇక్కడే ప్రమాదం. ఫాల్సిపారం రకం మలేరియాకు 24 గంటల్లో చికిత్స మొదలుకాకపోతే ముదిరి మెదడుకు, మూత్రపిండాలకు హాని చేయవచ్చు. గర్భిణులకు, అయిదేళ్ళలోపు పిల్లలకు ముప్పు మరీ ఎక్కువ.

కనుక చలి, వణుకుతో జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఉచితం. ఇంట్లో మిగిలిన పాత క్లోరోక్విన్ మాత్రలు మింగకండి. ఫాల్సిపారంపై అవి ఇప్పుడు నమ్మదగినవి కావు. డాక్టరు ఇచ్చిన మందు, జ్వరం తగ్గినా సరే, పూర్తిగా వాడండి. వైవాక్స్ రకం కాలేయంలో దాగి నెలల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు.

వెళ్ళివచ్చిన తేదీని గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, "ఫలానా రోజున అడవికి వెళ్ళి వచ్చాం" అని డాక్టరుకు ముందే చెప్పండి. ఆ ఒక్క మాట ప్రాణం నిలబెట్టవచ్చు.